తొమ్మిది రోజుల పందిరి

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. కాఫీ తాగాక, మర్యాద కోసం, "మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏదండీ?" అని అడుగుతారు. ఏ వంతెన గురించో మార్కెట్ భవనం గురించో చెబుతానని వాళ్ల ఆశ. చిక్కడపల్లిలో ఒక పందిరి తీయించలేకపోయానని చెబుతాను. పెద్దాయనకి చాదస్తం మొదలైందనుకుని నవ్వేసి లేచి వెళ్లిపోతారు. పూర్తిగా వినే ఓపిక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మున్సిపాలిటీలో మా సెక్షన్ గురించి చెప్పాలి. రోడ్డు మీదికి వచ్చినవాటిని మళ్లీ వెనక్కి పంపడం మా పని. అరుగు ముందుకు జరిగితే కొట్టించాలి, తడిక లేస్తే పీకించాలి, నీడకని తాటిపత్రి గుడ్డ కడితే తాళ్లు కోయించాలి. మమ్మల్ని చూసి సంతోషించిన మనిషి ఈ నగరంలో ఒక్కడూ లేడు. చిక్కడపల్లి చౌరస్తాలో ఇరానీ హోటలుకి నేను రోజూ టీ కోసం వెళ్లేవాణ్ణి. నన్ను చూడగానే హోటలాయన గుమ్మం బయట వేసిన కుర్చీలు లోపలికి లాగించేవాడు. టీ తాగడానికే వచ్చాననీ ఆయనకు తెలుసు, కుర్చీల జోలికి పోననీ తెలుసు. అయినా లాగించేవాడు. కొన్నాళ్లకి అది నమస్కారం లాంటిది అయిపోయింది.

మాది కృష్ణాజిల్లా. రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యోగం వెంట వచ్చి, అశోక్‌నగర్‌లో ఒక వాటాలో కిరాయికి ఉండేవాణ్ణి. అప్పట్లో ఆ చుట్టుపక్కల మావాళ్లే ఎక్కువ. ఆఫీసులవాళ్లు, ప్లీడర్లు, మాస్టర్లు. వాళ్ల ఇళ్లకి ఉప్పూ పప్పూ కూరా నారా వెళ్లేది చిక్కడపల్లి చౌరస్తా పక్కనున్న చిన్న సందు బజారు నుంచే. ఒక కిరాణా కొట్టు, దర్జీ, గాజులమ్మే ఆవిడ, కిరాయి సైకిళ్ల దుకాణం, రెండువైపులా నేల మీద కూరగాయలవాళ్లు. పెద్ద బజారేమీ కాదు. కానీ పొద్దున్న ఒక గంట అక్కడ నిలబడితే నాలుగు వీధుల కబుర్లూ చెవిన పడేవి.

అరవైతొమ్మిదిలో జరిగిన తెలంగాణ ఉద్యమం గురించి మీరు పుస్తకాల్లో చదువుకునే ఉంటారు. నేను చెప్పేది పుస్తకాలకెక్కని సంగతి. ఆ గొడవల్లో సందు బజారు మూతపడుతూ తెరుచుకుంటూ నడిచింది. సద్దుమణిగాక తలుపులన్నీ తెరుచుకున్నాయి గాని మనుషులు రాలేదు. మా అశోక్‌నగర్ వాళ్లు రిక్షా కట్టించుకుని సుల్తాన్ బజార్ పోవడం అలవాటు చేసుకున్నారు. ఎదురుగా బెండకాయలు కనబడుతున్నా తల తిప్పుకుని నారాయణగూడ దాకా నడిచేవాళ్లు. ఎవరికీ ఎవరి మీదా పెద్ద కోపం లేదు. మొదట ఎవరు పలకరించాలన్నదే తేలలేదు.

కిరాణా షావుకారు సంగతే చూడండి. ఆయన ఇక్కడివాడే, తాతల నాటి దుకాణం. మా వీధిలో పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు పదేళ్లుగా ఆయన దగ్గరే సరుకులు తెచ్చుకునేవాడు. ఒక బందు రోజున మాస్టారు సగం దించిన తలుపు కింది నుంచి వంగి పెసరపప్పు అడిగితే, లోపలి నుంచి షావుకారు, "మీ ఊర్లకెల్లి తెచ్చుకోండ్రి" అన్నాడు. మనసులో ఉన్నదే అన్నాడో, వెనక నిలబడ్డ నలుగురి కోసం అన్నాడో తెలియదు. మాస్టారు వంగిన నడుం నిటారుగా చేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాది పైగా ఆ దుకాణం మెట్టెక్కలేదు. షావుకారు కూడా మాస్టారు ఆ దారిన పోతున్నప్పుడల్లా త్రాసు తుడుచుకుంటూ కూర్చునేవాడు. అంత శుభ్రమైన త్రాసు హైదరాబాదులో మరొకటి ఉండేది కాదు.

ఇక సందు మొదట్లో కూర్చునే ఆకుకూరల ఆవిడ. అందరూ పాలమూరు అక్క అనేవాళ్లు. మొగుడు, మరుదులు మేడలు కట్టేచోట కూలి పని చేసేవాళ్లు. ఆమె కూడా ఇటుకలు మోసిందే. మోకాలు చెడ్డాక నిచ్చెనలెక్కలేక ఒక గోనెపట్టా పరుచుకుని ఆకుకూరలు పెట్టుకుంది. గలగలా మాట్లాడే మనిషి. మావాళ్లు కనిపిస్తే "గోంగూర" అని కేకేసేది, ఇక్కడివాళ్లు కనిపిస్తే అదే కట్ట చూపించి "పుంటికూర" అనేది. గొడవల రోజుల్లో కూడా పెరటి గుమ్మం దాకా వచ్చి మాస్టారు గారి భార్యకి తోటకూర ఇచ్చి పోయిన మనిషి ఆమె ఒక్కతే. ఆ పట్టా పరిచినంత జాగాయే ఆమెకు ఆధారం. అది పోతే మళ్లీ ఇటుకలు మోయాలి, మోయడానికి మోకాలు లేదు.

ఆ జాగా పోవడానికే సిద్ధంగా ఉంది. సందు వెడల్పు చేసి, కూర్చున్నవాళ్లని లేపి, అంబర్‌పేట్ వైపు ఒక ఖాళీ మైదానంలో కూర్చోబెట్టాలని మా ఆఫీసులో ప్లాను తయారైంది. అక్కడికి కొనడానికి ఎవరొస్తారని ఎవరూ అడగలేదు. డ్రాయింగులో ఆ మైదానానికి చక్కగా పచ్చరంగు వేసి ఉంది, చూస్తే మనకే వెళ్లి కూర్చోవాలనిపించేది.

మా ఆఫీసరు హైదరాబాదు పాతకాలపు మనిషి, నారాయణగూడలో సొంత ఇల్లు. ఉర్దూలో చదువుకున్నాడు, ఇంగ్లీషులో నోట్ రాసేవాడు, తెలుగులో తిట్టేవాడు. మాకందరికీ ఆయన నేర్పిన పాఠం ఒక్కటే. "మన పని కానిది ముట్టొద్దు. మన పనైతే ఇడ్వొద్దు." పక్క సెక్షన్ వాళ్ల దీపస్తంభం మా లారీకి అడ్డమొస్తే, దాన్ని వంచకుండా లారీనే చుట్టూ తిప్పించిన మనిషి. ఆయన కోపానికి భయపడేవాణ్ణి గాని, ఆయన దగ్గర పని నేర్చుకున్నందుకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఆ ఎండాకాలం ఎండలు మండిపోయాయి. సందులో నీడ అనేది లేదు. పాలమూరు అక్క నన్ను ఆపి, పొద్దుగాల తెచ్చిన కూర పగటాల్లకే వాడిపోతుందనీ, వాడిన కూర ఎవరు కొంటారనీ, ఒక తాటిపత్రి కట్టుకోనిమ్మనీ అడిగింది. అంతకు వారం క్రితమే అదే సందులో రెండు తాటిపత్రులు నేనే విప్పించాను. వీలుకాదన్నాను. ఆమె నా మొహం కాసేపు చూసి, వెళ్లి షావుకారు దుకాణం ముందు కూలబడింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, మర్నాడు షావుకారు నా టీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. టీ డబ్బులు తనే ఇస్తానన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

శ్రీరామనవమికి సందులో సీతారాముల కల్యాణం చేద్దామనుకుంటున్నామని ఆయన చెప్పాడు. కల్యాణానికి చలవ పందిరి వెయ్యడం ఆచారమే కదా. "రాముల పెండ్లికి పందిరేస్తే అడ్డుపడేటోడు ఎవడుంటడు సారూ? గీ సందు పొడుగూత ఏస్తం" అన్నాడు. అడ్డుపడేవాడు నేనే. ఆఫీసరు దగ్గరికి వెళితే ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, దేవుడి పందిరికి ఉగాది నుంచి నవమి దాకా తొమ్మిది రోజులు, పదోనాడు నువ్వే దగ్గరుండి తీయించాలన్నాడు.

పందిరికి కావలసినవి చెప్పుకోవడానికి చాలా తేలిక. తాటాకులు షావుకారు అత్తగారి ఊరినుంచి బండి మీద వచ్చాయి. గుంతలు తవ్వడానికి పాలమూరు అక్క తనవాళ్లని పిలుచుకొచ్చింది. నిలబెట్టే రాటల దగ్గర పని ఆగిపోయింది. వెదుళ్ల అడితివాడు చెప్పిన ధరకి షావుకారు మొహం వాడిపోయింది. ఆ మాట అక్క మాస్టారు గారి పెరట్లో తోటకూర ఇస్తూ ఆయన భార్యతో చెప్పింది.

ఆ పెరట్లో ఒక గంగరావి చెట్టు ఉంది. ఇల్లు కట్టుకున్న ఏడాది మాస్టారు స్వగ్రామం నుంచి కొమ్మ తెచ్చి నాటాడట. అది పెరిగి పెరిగి డాబా అంతా కమ్మేసింది. వడియాలు పెట్టుకోవడానికి ఎండ తగలడం లేదని ఆవిడ ఏళ్ల తరబడి సాధిస్తోంది, మాస్టారు కొమ్మ ముట్టనివ్వడం లేదు. ఇప్పుడు రాములవారి పేరు చెప్పేసరికి ఆయన నోరు మూతపడింది. పైగా రాట పచ్చికర్రదై ఉండాలనేది వాళ్ల ఇంటి ఆచారం. అసలు ఒక్క రాట పచ్చిదైతే చాలు. కానీ ఆవిడ వడియాల మీద ఆశకొద్దీ చెట్టు మొత్తం నరికించి, సందు పొడవునా సరిపోయేటన్ని రాటలు పంపించింది. ఆ వేసవిలో ఆవిడ పెట్టిన వడియాలు మా ఇంటికి కూడా వచ్చాయి, అద్భుతంగా ఉన్నాయి.

మాస్టారు ఒకే ఒక షరతు పెట్టాడు. గుంతలో పాలు, నవధాన్యాలు తనే స్వయంగా వేస్తానన్నాడు. దాంతో ఆయన సందులోకి రాక తప్పలేదు. మొదటి గుంత తవ్వింది షావుకారు దుకాణం ఎదురుగానే.

నేను ఆ పక్కనే ఉన్నాను. మాస్టారు చేతిలో పాలచెంబు. షావుకారు త్రాసు వదిలిపెట్టి మెట్టు దిగి వచ్చాడు. ఇద్దరి మధ్యా గుంత. తవ్వుతున్న పాలమూరు మనిషి గడ్డపార ఆపి, తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"మాస్టారూ, గింత లోతు సాలునా?" అన్నాడు షావుకారు. ఏడాది తర్వాత మొదటి మాట అదే.

"మీరెలా అంటే అలాగేనండి. ఇంకాస్త ఉంటే మంచిదేమో" అన్నాడు మాస్టారు.

"ఇంకొంచెం తవ్వు" అన్నాడు షావుకారు. ఇంకొంచెం తవ్వాక, ఇప్పుడు మీకు సరేనా అని ఆయనని అడిగాడు. ఆయన మీకు సరే అయితే సరే అన్నాడు. ముందు చాలన్నవాడిది మర్యాద తక్కువవుతుందేమోనని ఇద్దరికీ భయం. అలా ప్రతి గుంత దగ్గరా ఇంకాస్త ఇంకాస్త అనుకుంటూ సందు చివరిదాకా పోయారు. పాలమూరు వాళ్లు మేడల పునాదులు తవ్వి అలవాటైనవాళ్లు, వాళ్లకి లోతంటే లెక్కే లేదు. నిలబెట్టాక మట్టి పోసి, నీళ్లు పోసి, దిమ్మిసతో కుమ్మి మరీ గట్టిచేశారు. ఒక్క రాటకి పొయ్యాల్సిన పాలు, మాస్టారు గారి భార్య బిందెడు పంపడంతో అన్నిటికీ పోశారు. తొమ్మిది రోజుల పందిరికి ఇంటి పునాదులేమిటని నేను నవ్వాను. నాతోపాటు అందరూ నవ్వారు. చివరి గుంత పూడేసరికి మాస్టారు షావుకారు దుకాణంలో కూర్చుని పెసరపప్పు తూయించుకుంటున్నాడు.

కల్యాణం బ్రహ్మాండంగా జరిగింది. పానకంలో మిరియాల ఘాటు ఎంత ఉండాలనే దానిమీద మాత్రం రెండు ప్రాంతాల ఆడవాళ్లకీ కుదరలేదు. రెండు గంగాళాలు పెట్టారు. జనం రెండూ తాగారు.

అసలు విశేషం పందిరి లేచిన మర్నాడు మధ్యాహ్నమే మొదలైంది. ఊరంతా ఎండ, సందులో నీడ. పన్నెండింటికి కూడా అక్క తోటకూర నవనవలాడుతూ ఉంది. సుల్తాన్ బజార్ పోవలసిన ఆడవాళ్లు పందిరి కింద ఆగి బేరాలాడారు. ఇరానీ హోటలాయన చలివేంద్రం పెట్టించాడు. రాటల మొదళ్ల చుట్టూ తడి ఇసుక పోసి కుండలు కుదురుగా కూర్చోబెట్టారు. కూరగాయలవాళ్లు కూరల మీద చల్లిన నీళ్లు కూడా అటే పారేవి. నలుగురు నిలబడే చోట మోరీ కంపేమిటని దర్జీ తన దుకాణం ముందు మోరీ శుభ్రం చేశాడు. అతనికి పోటీగా గాజులావిడ చేయించింది. సైకిళ్లాయన గోడకి సున్నం కొట్టించాడు. షావుకారు ముసలివాళ్ల కోసం రెండు బల్లలు వేశాడు. రోడ్డు మీద బల్ల వెయ్యడం నేరం. నేను ఆ బల్ల మీద కూర్చునే టీ తాగాను. ఎవరూ సమావేశం పెట్టలేదు, అధ్యక్షుణ్ణి ఎన్నుకోలేదు. మా ఆఫీసులో అలాంటి పనికి అంచనా వేయడానికే ఏడాది పట్టేది.

పదోనాడు వెళ్లాను. పట్టాభిషేకం అయ్యేదాకా పందిరి కదపకూడదన్నాడు మాస్టారు. అది అయ్యాక వెళ్లాను. హనుమజ్జయంతి ఉందన్నాడు షావుకారు. మావైపు ఆ పండుగ వైశాఖం చివర్లో చేస్తారని మాస్టారు వెంటనే అందుకున్నాడు. ఏడాదిపాటు మాట్లాడుకోనివాళ్లు ఇప్పుడు ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తిచేస్తున్నారు. నేను ఆఫీసుకి వచ్చి అదే చెప్పాను. ఆఫీసరు కలం కింద పెట్టి, "రాములకు ఇంక ఎన్ని పనులున్నయయ్యా?" అన్నాడు. అప్పటికి ఆయన ఇంట్లో కూడా పెళ్లి పనులు మొదలయ్యాయి. కూతురి పెళ్లి శ్రావణంలో. ఆ సందడిలో ఉండి కొన్నాళ్లు పందిరి మాట మరిచిపోయాడు, లేదా మరిచిపోయినట్టు ఉన్నాడు.

పండుగలన్నీ అయిపోయాయి. జ్యేష్ఠం చివర్లో మొదటి వానలు పడ్డాయి. తాటాకు నాని, నల్లబడి, కారడం మొదలుపెట్టింది. ఇక చలవ పందిరి అనడానికి వీల్లేదు. పైనుంచి తాకీదు వచ్చింది. పందిరి తీసెయ్యాలి, వెడల్పు పనికి గుర్తులు పెట్టాలి, కూర్చున్నవాళ్లని అదే రోజు అంబర్‌పేట్ పంపాలి. నా మీద నమ్మకం చాలక ఆఫీసరు తనే జీపులో బయల్దేరాడు. వెనక లారీలో మేస్త్రి, కూలీలు.

మేం వెళ్లేసరికి కూరగాయలవాళ్లంతా లేచి నిలబడ్డారు. అక్క మాత్రం పట్టా మీదే కూర్చుని ఉంది. మాస్టారు కోటు వేసుకుని వచ్చాడు, ఆయన్ని కోటులో అంతకుముందు నేను చూడలేదు. షావుకారు ఆయన పక్కనే నిలబడ్డాడు. ఈ సందు ఇప్పుడిప్పుడే బతికిందని, కూరగాయలవాళ్లు పోతే దుకాణాలు కూడా మళ్లీ చచ్చిపోతాయని ఇద్దరూ చెప్పారు. ఆఫీసరు మర్యాదగానే విన్నాడు. ప్లాను పాసైందని, తన చేతిలో ఏమీ లేదని చెప్పి మేస్త్రికి సైగ చేశాడు.

కూలీలు నిచ్చెనలేసి తాటాకు లాగడం మొదలుపెట్టారు. నానిన ఆకు కట్టలు కట్టలుగా జారి కిందపడింది. పడేకొద్దీ వెలుతురు వచ్చింది, దాంతోపాటు ఇంకేదో పచ్చగా కనిపించింది. రాటల తలల మీద ఆకులున్నాయి. తాటాకు చీకట్లో పెరగడంతో లేతగా, పాలిపోయి, అరచేతంత ఆకులు. ఒకటి రెండు రాటలకి కాదు, దాదాపు అన్నిటికీ. రోజూ ఆ పందిరి కింద టీ తాగిన నేను ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే కనబడేవే. నా ఉద్యోగం నాకు కింద కొలవడమే నేర్పింది.

కూలీలు మొదటి రాటకి మోకు కట్టి లాగారు. అది కదల్లేదు. మళ్లీ లాగారు. పాలు తాగి, నీళ్లు తాగి, అంత లోతున కూర్చున్న రాట ఎందుకు కదులుతుంది? మేస్త్రి దగ్గరికి వెళ్లి మొదలు తడిమి చూశాడు. మోకు విప్పేసి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చిగురేసిన రాటని తను పీకలేనని, తన పిల్లలు చల్లగా ఉండాలని, కావాలంటే ఉద్యోగంలోంచి తీసెయ్యమని నెమ్మదిగా చెప్పాడు. ఆఫీసరు మిగతా కూలీల వంక చూశాడు. వాళ్లు నేల చూశారు.

అప్పుడు అక్క లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచి, కూర కట్టలు గంపలో సర్ది, గోనెపట్టా మడవడం మొదలుపెట్టింది.

"నేను అంబర్‌పేట పోత సారూ. నా పట్టా నేనే మడుస్త, మీతోని మడిపియ్య" అంది. "గని వీటిని మాత్రం పీకిపియ్యకుండ్రి. పాలు పోసి పాతినం. మేం మొలిపియ్యలె, అదే మొలిశింది. కట్టెకు గూడ ఈడ ఉండబుద్ధయింది."

ఆఫీసరు సందు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కొక్క రాట దగ్గరా ఆగుతూ నడిచాడు. తిరిగి వస్తుంటే మేస్త్రి ఆయన చెవి దగ్గర, సార్ ఇంట్లో శుభకార్యం ఉంది కదా, ఆలోచించండని అన్నాడు. ఆయన కసిరాడు గాని ఆ కసురులో బలం లేదు. పెళ్లి గుర్తొచ్చి మెత్తబడ్డాడా, అక్క మాటకి మెత్తబడ్డాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇవేంది?"

"రాటలు సార్."

"రాటలకు ఆకులుంటయా?"

"ఉండవు సార్."

"ఆకులున్నదాన్ని ఏమంటరు?"

"చెట్టంటారు సార్."

"చెట్టు తీసేది ఏ సెక్షన్?"

"తోటల సెక్షన్ సార్."

"మరి మనకేం పని ఈడ? పందిరి తియ్యమన్నరు, తాటాకు తీసినం. పందిరి లేదు. పక్క సెక్షన్ చెట్లను ముడితే రేపు నేను జవాబు చెప్పాలె."

నేను ధైర్యం చేసి, వెడల్పు పని సంగతేమిటని అడిగాను. వరసగా చెట్లున్న సందుని ఎట్లా వెడల్పు చేస్తావు, తోటల సెక్షన్ ఒప్పుకోవాలి, వాళ్లు ఒప్పుకోరు అన్నాడు. సందు వెడల్పే కానప్పుడు ఈ కూర్చున్నవాళ్లు ఎవరికి అడ్డమన్నాడు. అదంతా నన్నే తప్పుపడుతున్నట్టు గట్టిగా అందరూ వినేలా అన్నాడు. జీపు ఎక్కుతూ అక్క వైపు తిరిగి, "పట్టా ఎందుకు మడిచినవ్? పరువు" అన్నాడు. ఆమె అక్కడే, ఆ క్షణమే పరిచింది. జీపు మలుపు తిరిగేదాకా సందులో ఎవరూ కదల్లేదు. తర్వాత ఇరానీ హోటలాయన కుర్చీలన్నీ తెచ్చి నడిరోడ్డు మీద వేయించి అందరికీ టీ పోయించాడు. నన్ను చూసి ఒక్క కుర్చీ కూడా లోపలికి లాగించలేదు.

తోటల సెక్షన్ వాళ్లు మాకన్నా తెలివైనవాళ్లు. అడక్కుండా ఇన్ని చెట్లు చేతికొస్తే వదులుకుంటారా? వారం తిరక్కుండా వచ్చి మొదళ్ల చుట్టూ ఇటుకలు పేర్చి, సున్నం కొట్టి, అవన్నీ తామే నాటినట్టు చూపించుకున్నారు. మాస్టారు ఒక్కడే కాస్త నొచ్చుకున్నాడు. సందు బజారు నిలబడింది. అంబర్‌పేట్ మైదానంలో పచ్చరంగు డ్రాయింగు మీదే ఉండిపోయింది.

ఆషాఢం వెళ్లిపోతుండగా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వెయ్యమన్నాడు. కాసేపు కాగితాలు అటూ ఇటూ సర్ది, కూతురి పెళ్లి పందిరికి రాట కావాలని, ఆ సందులోంచి ఒక కొమ్మ దొరుకుతుందా అని అడిగాడు. నవ్వాపుకోవడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. మాస్టారు ఆ చెట్లలో నిటారైన కొమ్మ ఏరి ఇచ్చాడు. అక్క దానికి పసుపు రాసి నా చేతికిస్తూ, పెళ్లయ్యాక పారెయ్యొద్దని, ఎక్కడైనా నాటాలని మాట తీసుకుంది. పదహారు రోజుల పండుగ అయ్యాక ఆయన దాన్ని తన గేటు పక్కన పాతాడని విన్నాను. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లయినా, ఆంధ్రావాళ్లదైనా తెలంగాణావాళ్లదైనా, రాట ఆ సందు నుంచే వెళ్లడం అలవాటైంది. అక్క ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు, ఆ మాట మాత్రం తీసుకునేది. అందుకే అశోక్‌నగర్ గేట్ల ముందు అన్ని గంగరావి చెట్లు.

చాలా ఏళ్లకి ఆ ఆఫీసరు కుర్చీలో నేను కూర్చున్నాను. ఒకరోజు నారాయణగూడ నుంచి ఫిర్యాదు వచ్చింది. ఒక ఇంటి గేటు దగ్గర చెట్టు మొదలు రోడ్డు మీదికి వచ్చి రిక్షాలకి అడ్డంగా ఉందట. ఇల్లు ఎవరిదో చూసి ఆ పనికి ఇంకెవర్నీ పంపకుండా టేపు పట్టుకుని నేనే వెళ్లాను.

ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. బాగా పెద్దవాడైపోయాడు. చెట్టు నిండా పసుపు పూలు, నిన్నటివి ఎర్రబడి కింద రాలి ఉన్నాయి. నా చేతిలో టేపు చూసి నవ్వాడు.

"ఆ అక్క ఇంకా కూసుంటుందా?" అని అడిగాడు.

కూర్చుంటోందని చెప్పాను. మోకాలు వంగక షావుకారు ఒక పొట్టి పీట చేయించి ఇచ్చాడని, కోడలు పక్కన కూర్చుని గోంగూర, పుంటికూర రెండూ అరుస్తోందని చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత మొహం గంభీరంగా పెట్టుకుని, ఒకప్పటి ఆఫీసరు గొంతుతో అన్నాడు.

"కొలువు. రోడ్డు మీదికి వచ్చిందని నాకు గూడ తెలుసు. మన పనైతే ఇడ్వొద్దు."

నేను టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాను.

"దీనికి ఆకులున్నాయి సార్. మన సెక్షన్ కాదు."

ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వుతూనే లోపలికి తిరిగి, రెండు కుర్చీలు బయట, ఆ చెట్టు కిందే వెయ్యమని కేకేశాడు.